షావుకారుగారి తోటలో నేను విప్పిన ముడి

తిరువూరులో గోడ కట్టుకున్నవాళ్లు కూడా గేటు తీసిపెట్టిన కాలం ఒకటుండేదంటే ఈనాటివాళ్లు నమ్మరు. ఇప్పుడన్నీ గోడ మీద గాజుపెంకులు, గేటు మీద కుక్క బొమ్మ. ఆ రోజుల్లో, అంటే యాభైల్లో, బియ్యం మిల్లు షావుకారుగారు తమ పెంకుటింటి చుట్టూ నిలువెత్తు గోడ కట్టించి, లోపల గులాబీలూ సపోటాలూ మామిడీ పెంచి, ఆదివారం సాయంత్రాలు ఊరందరికీ తలుపు తీసేవారు. చెప్పులు గేటు దగ్గర వదలాలి, పువ్వు కోయకూడదు, అంతే. నాకు మాత్రం ఇంకో భాగ్యం ఉండేది, వరండాలోని పుస్తకాల బీరువా. ఐదో తరగతితో బడి మానేసి సైకిలు షాపులో పంక్చర్లు వేసుకునే పద్దెనిమిదేళ్లవాడికి హైస్కూలయినా కాలేజీ అయినా అదే. (అప్పటికి మూడు అరలు చదివాను. నాలుగోది తెరవకముందే లోకంలో నాకు తెలియనిది లేదని తేలిపోయింది.)

ఒక వానాకాలపు ఆదివారం వెళ్లేసరికి మామిడిచెట్టు కింద ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. ఒక కొమ్మకు గుడ్డ పీలిక బిగించి చుట్టి ఉంది, దాని పక్కనే చిన్న మంచె మీద మట్టి కుండీ, అందులో ఓ చిన్న మొక్క. వినగడప నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె ఆ కుండీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తన కొంగు అంచు చింపబోతోంది.

"షావుకారమ్మ మొక్కుకుని కట్టుంటది. మనమూ ఓ ముడేద్దాం, పోయేదేముంది" అంటోంది పక్కావిడతో.

నాకు ఒళ్లు మండింది. మూఢనమ్మకాల మీద మూడో అరలో ఇంత లావు పుస్తకం ఉంది మరి. పావుగంట ఉపన్యాసమిచ్చి, వట్టి మాటలెందుకని ఆ గుడ్డ విప్పి అవతల పారేశాను. కొమ్మ ఒక పక్కకీ, కుండీలో మొక్క ఇంకో పక్కకీ వాలిపోయాయి.

"ఆ రెంటినీ కలిపి కట్టినట్టున్నారు కదయ్యా" అంది పెద్దావిడ నెమ్మదిగా.

వెనకనుంచి షావుకారుగారి గొంతు. "అంటురా అది. కొమ్మకీ మొక్కకీ చెక్కు తీసి కలిపి కట్టి పదిహేను రోజులైంది. మా నాయన వేసిన చెట్టు, లోపలంతా పుచ్చిపోయింది. దీని పిల్ల ఒకటన్నా మిగులుద్దని కట్టా. చుట్టూ మామిడితోటలున్న ఊళ్లో పుట్టి, అంటు తెలీదంట్రా నీకు? ఏ పుస్తకంలో ఉంది విప్పమని?"

ఆయన మళ్లీ చెక్కు తీసి, మళ్లీ కట్టి, బీరువాకు తాళం వేసి చెవి మొలలో దోపుకున్నారు.

"ఇది అతుక్కునేదాకా ప్రతి ఆదివారం ఇక్కడ నుంచో. వచ్చినోళ్లకి ఇదేంటో చెప్పు. పుస్తకాల సంగతి తర్వాత చూద్దాం."

మూడు నెలలు నిలబడ్డాను. మొదట్లో అంటు శాస్త్రమంతా వివరించేవాణ్ణి. చివరికొచ్చేసరికి, "ఈ చెట్టుకి మొక్కుకుంటే పని అవుద్దా బాబూ?" అని గంపలగూడెం ఆవిడెవరో అడిగితే, "అవుద్దమ్మా, ముట్టుకోకుండా ఉంటే" అన్నాను. (శాస్త్రం దృష్ట్యా అందులో తప్పేమీ లేదు.)

అంటు పట్టింది. షావుకారుగారు కొమ్మ కోసి కుండీని విడదీసిన రోజున తాళంచెవి నా చేతిలో పెట్టి "పో, చదువుకో" అన్నారు. వరండాలో కూర్చుని నాలుగో అర పుస్తకం తెరిచాను. చీకటి పడేదాకా ఒక్క పేజీ సాగలేదు. చూపంతా ఆ కుండీ మీదే, నాలాంటి చదువుకున్నవాడెవడైనా వచ్చి దానికేదో మేలు చేసిపోతాడేమోనని.