రాంచీకి ముందు చర్ల దాకా: నిండు సామానుతో ఒక మాక్ రిహార్సల్

ఇరవై తొమ్మిదేళ్లు మణుగూరు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపాను. వంద టన్నుల బండి, మనిషి కంటే ఎత్తైన టైర్లు. తిరిగిన దూరమంతా కూడితే ఈ దేశాన్ని ఎన్నిసార్లో చుట్టి వచ్చి ఉండాలి. కానీ నేను పోయిందల్లా గని అడుగు నుంచి పైకి, పైనుంచి మళ్లీ అడుగుకు. రెండున్నర కిలోమీటర్ల మట్టిరోడ్డు. రిటైరైన రోజు మెడలో దండలు వేసి, శాలువా కప్పి, "ఇంత దూరం బండి నడిపినవాడు మన గనిలో లేడు" అని ఆఫీసరు గారు మెచ్చుకుంటుంటే లోపల ఒకటే బాధ. నడిపాను సరే, ఎక్కడికి పోయానయ్యా?

అందుకే మా ఆవిడ దయామణికి రాంచీలో నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ ఉద్యోగం వచ్చిందనగానే ఆమె కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. కంపెనీ క్వార్టర్ ఎలాగూ ఖాళీ చేయాలి. మంచాలు, బీరువా లారీలో ముందు పోతాయి. మిగిలిన సామానుతో మనిద్దరం కారులో పోదామన్నాను. భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా మొదటిరోజు జగదల్‌పూర్. రెండోరోజు రాయ్‌పూర్, మూడోరోజు సంబల్‌పూర్, నాలుగో సాయంత్రానికి రాంచీ. రోజుకు సుమారు మూడు వందల కిలోమీటర్లు. ఇదంతా గని లెక్కన రోజుకు నాలుగు షిఫ్టులుగా, ఎదురుగా ఆపరేటర్ పేరుతో సహా నోట్‌బుక్కులో రాసి చూపించాను. ఆమె కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివింది.

"అన్ని షిఫ్టులల్ల ఆపరేటర్‌వు నువ్వేనా? మరి నీ నడుము?" అంది.

డంపర్ కుదుపులకు నా నడుము ఎప్పుడో దెబ్బతింది. గంట కూర్చుంటే ఎడమకాలు తిమ్మిరెక్కుతుంది. దయకు నిరుడే లైసెన్స్ వచ్చింది. కానీ ఆమె స్టీరింగ్ పట్టుకుంటే నేను పక్కన కూర్చుని "బ్రేకు, బ్రేకు!" అని ఎంత గోల చేశానంటే, నెల తిరక్కుండా "నీకో దండం, నీ కారుకో దండం" అని తాళం నా చేతిలో పెట్టేసింది. కనుక నడిపేది నేనే అన్నాను. గనిలో ప్రమాదాలకు ముందుగానే మాక్ రిహార్సల్ చేసినట్టు, దీనికీ ఒకరోజు చేద్దామన్నాను. రాంచీకి తీసుకెళ్లే సామాను మొత్తం ఎక్కించి, చర్ల దాటి తాలిపేరు ప్రాజెక్టు దాకా పోయి రావడం. రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే.

"సరే. కానీ ఒక్కటే మాట," అంది దయ. "నువ్వు తోల్తుంటే బండికి గానీ, నీ నడుముకు గానీ ఏమన్న అయ్యిందనుకో, రైలే. కారు అమ్మేసుడే. మళ్ల నాతోని వాదించొద్దు."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

నవంబరు చివరి శనివారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. వెనక సీటు మడిచి మిక్సీ, కుక్కర్లు, పరుపులు, ఆమె పుస్తకాల ట్రంకు, నా పనిముట్ల పెట్టె, బియ్యం బస్తా, రెండు జాడీల ఆవకాయ, అన్నీ కప్పు దాకా పేర్చాను. వెనక అద్దం పూర్తిగా మూసుకుపోయింది. ఫరవాలేదు, పక్క అద్దాలున్నాయిగా అన్నాను. మా పక్క క్వార్టర్ సాలమ్మ వదిన పళ్లు తోముకుంటూ వచ్చి "ఇయ్యాలనే పోతున్రా? చెప్పనే లేదు!" అని కళ్లనీళ్లు పెట్టుకోబోయింది. సాయంత్రం వచ్చేస్తామని చెప్పేసరికి ఆమెకు కోపమొచ్చి లోపలికి పోయింది. దయ కారులో కూర్చుని ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈయనకు మంచి బుద్ధి ఇయ్యి" అన్న ముక్క మాత్రం నాకు వినపడేలా అంది.

అశ్వాపురం దాటి సారపాకకు వచ్చేసరికి ఏడుంబావు. రోడ్డు పక్క బండి దగ్గర ప్లేటు నలభై రూపాయలకు ఇడ్లీ, అల్లం చట్నీ. చట్నీ అదిరింది, రెండో ప్లేటు తిన్నాను. వంతెన మీద గోదావరి పొగమంచులో సగమే కనిపించింది. నేను ఎదురొచ్చే లారీ మీద కన్నేసి పోనిచ్చాను. భద్రాచలం ఊళ్లో ఆగలేదు. దుమ్ముగూడెం రోడ్డెక్కాక అసలు పరీక్ష మొదలైంది. ఇసుక లారీలు తిరిగి తిరిగి రోడ్డు గుంతలు పడింది. వెనకనుంచి కుక్కర్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి. అయినా నిజం చెప్పాలంటే, ఆ గుంతల్లో నాకు హాయిగానే ఉంది. గుంత అంటే నాకు తెలిసిన భాష.

దుమ్ముగూడెం దాటాక పోలీసులు బండి ఆపారు. అటువైపు తనిఖీలు మామూలే. ఒక జవాను లోపలికి తొంగిచూసి "ట్రాన్స్‌ఫరా సార్?" అన్నాడు.

"కాదు తమ్మీ. తాలిపేరు దాక పోయి సాయంత్రం వాపస్ వస్తం."

"మరి సామాను?"

"అది కూడ వాపస్ వస్తది."

అతను నన్ను కింది నుంచి పైకి చూశాడు. ఇక చూడండి, ట్రంకు దించమన్నాడు, పరుపులు విప్పమన్నాడు. పుస్తకాల్లో గుండె బొమ్మ, ఊపిరితిత్తుల బొమ్మ చూశాక "మేడం నర్సా?" అని మెత్తబడి, తన మోచేతి మీద ఆరని పుండు చూపించాడు. ఆమె చూసి షుగరు పరీక్ష చేయించుకొమ్మంది. అక్కడ నలభై నిమిషాలు పోయాయి. మీరు ఇటు వస్తే గుర్తింపు కార్డులు, బండి కాగితాలు చేతికందేలా పెట్టుకోండి. మాలాగా రిహార్సల్ అని మాత్రం చెప్పకండి.

పదకొండు దాటాక చర్ల. బస్టాండు దగ్గర ఒకావిడ నడిపే చిన్న మెస్సులో నూట ఇరవైకి భోజనం, గోదావరి చేప పులుసుతో. "జర ఆగుండ్రి, పులుసు ఇప్పుడే పొయ్యి మీదకెల్లి దిగింది, సల్లారితేనే రుచి" అని పావుగంట కూర్చోబెట్టింది. ఆమె మాట నిజమే. కానీ లేచేటప్పుడు నా ఎడమకాలు లేవనంది. బల్ల పట్టుకుని, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించి, మెల్లగా నిలబడ్డాను. దయ చేయి కడుక్కుంటోంది, చూడలేదనుకున్నాను.

తాలిపేరు ప్రాజెక్టు దగ్గర అరగంట కూర్చున్నాం. నీళ్ల అవతల అడవి, ఆ వెనక ఛత్తీస్‌గఢ్ కొండలు. నాలుగు రోజుల ప్రయాణంలో మొదటి మధ్యాహ్నానికే ఆ రాష్ట్రంలో ఉంటామని వేలితో చూపించాను. "బాగనే తోలినవ్ ఇంతవరకు" అంది. నా భార్య నోట అంత పెద్ద సర్టిఫికెట్ ఎప్పుడూ విన్లేదు. ఆ గాలిలో తేలిపోతూ వెనక్కి తిప్పాను.

రెండు కిలోమీటర్లు వచ్చామో లేదో, ఒంటిబండి రోడ్డు మీద ఎదురుగా పత్తి ట్రాక్టర్. వెనక తగిలించిన ట్రక్కు నిండా పత్తి, రెండు పక్కలకూ పొంగి, రోడ్డంతా అదే. పత్తి మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్నారు. గనిలో ఒక నియమం ఉంది: లోడు బండికే దారి, ఖాళీ బండి ఆగాలి. నాదీ లోడే కదా అని నేను వెనక్కి తగ్గలేదు, అతనే తప్పుకోవాలని చూశాను. ట్రాక్టరాయన, నలభై ఐదేళ్లుంటాయి, కిందికి దిగి నవ్వుతూ వచ్చాడు. "అన్నా, ట్రక్కు తగిలిచ్చి ఉంది, ఎనకకు పోదు. మీరే జర పోవాలె" అన్నాడు. న్యాయమే.

"ఆగు, నేను దిగి ఎనక చూస్త" అంది దయ.

"కూసో. ఇరవై తొమ్మిదేళ్లు రివర్స్ కొట్టినోన్ని. నాకు ఎనక చూపించేటోళ్లు కావాల్నా?"

గని అలవాటు ప్రకారం మూడుసార్లు హారన్ కొట్టి వెనక్కి తీశాను. ఇక్కడ నా తప్పు ఏమిటో చెప్పాలి. మేం మట్టి పోసే చోట అంచున ఎత్తైన మట్టికట్ట ఉంటుంది. వెనక టైరు ఆ కట్టకు తగిలేదాకా వెనక్కి పోవడమే మా పని. కళ్లతో పనిలేదు, నడుముకే తెలుస్తుంది, తగిలిందీ ఆగిందీ అని. నా నడుము ఆ తగలడం కోసమే చూస్తోంది. రోడ్డు పక్కన కట్ట ఎవడు కడతాడు? ఎడమ వెనక చక్రం ధడాల్న పంట కాలువలోకి దిగింది. కారు పక్కకు ఒరిగింది. వెనక ఏదో పగిలింది, ఆవకాయ వాసన గుప్పుమంది. నా నడుములో మెరుపు మెరిసినట్టయింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ బరువుతో బండి కదలదు, సామాను దించాల్సిందే. మా సంసారమంతా రోడ్డు మీదికొచ్చింది. పత్తి మీద నుంచి ఆడవాళ్లు కూడా దిగి సాయం పట్టారు. తమలో తాము కోయభాషలో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు. అందులో పెద్దామె కుక్కరు చేత్తో పట్టుకుని దయను అడిగింది, "ఇల్లు మారుతున్రా అమ్మా?"

"మారుతున్నం. కానీ ఇయ్యాల కాదు. ఇయ్యాల ఉత్తగనే, అలవాటు కోసం."

ఆమె ఆ మాట తన భాషలో మిగతా ఇద్దరికీ చెప్పింది. ముగ్గురూ రోడ్డు మీద కూలబడి నవ్వారు. ట్రాక్టరాయన మోకు కట్టి, అందరితో కలిసి చేతులతోనే ముందుకు లాగుతూ, "ఏం బండి తోలేటోనివి అన్నా?" అన్నాడు. డంపర్ అని చెప్పాను. "అవ్, అనుకున్న. మా బామ్మర్ది కూడ డంపరే. ఊళ్లెకొస్తే స్కూటర్ గూడ సక్కగ తోలడు" అన్నాడు. తల ఊపాను. కారు పైకొచ్చింది, చక్రానికీ ఇంజనుకూ ఏమీ కాలేదు. డబ్బులిస్తే ముట్టుకోలేదు. పగలకుండా మిగిలిన ఆవకాయ జాడీని మాత్రం పెద్దామె సంతోషంగా తీసుకుంది.

దయ ఈసారి తనే సామాను సర్దింది. బరువైనవి కింద, పరుపులు పైన, మధ్యలో వెనక అద్దం కనిపించేంత సందు. చివరి సంచి అందించడానికి వంగినవాణ్ణి మళ్లీ లేవలేకపోయాను. మోకాలి మీద చేయి పెట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆమె దగ్గరికొచ్చి నా జేబులోంచి తాళం తీసుకుంది.

"మెస్సు కాడనే చూసిన," అంది. "చెప్పు సర్దుకుంటరా ఎవరన్న అంతసేపు?"

ఎడమ సీట్లో కూర్చున్నాను. ఆమె వెనక అద్దంలో చూస్తూ వెడల్పు చోటు దాకా వెనక్కి తీసి ట్రాక్టర్‌కు దారిచ్చింది, తర్వాత కారు ముందుకు కదిలింది. అయిపోయింది, రైలే, అనుకున్నాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏదో ఒక ఊరికి బండి నడుపుకుంటూ పోదామనుకున్నాను. ఆ గుంతలు, ఆ లారీలు, ఆమె గేరు మార్చే చప్పుడు, దేనికీ నోరెత్తలేదు. అరవడానికి నాకిక హక్కేముంది? చర్ల దాటడం గుర్తుంది. తర్వాత గుర్తులేదు.

భుజం తడితే మెలకువ వచ్చింది. "లే, గోదారి వచ్చింది. చూడు."

వంతెన మీద ఉన్నాం. పొద్దు దిగుతోంది. రాగిరంగు నీళ్లు, మధ్యలో ఇసుక దిబ్బలు, ఒక చిన్న పడవ. ఈ వంతెన మీదుగా ఎన్ని వందలసార్లు వచ్చానో. ప్రతిసారీ నేను చూసింది ముందున్న బండి వెనక లైట్లే. నదికి ఆ చివరన కొండలున్నాయని నాకు అరవై ఒకటో ఏట తెలిసింది. వంతెన దాటేదాకా తల తిప్పలేదు.

సారపాకలో చాయ్ కోసం ఆపింది. నేనే ముందు మొదలుపెట్టాను. "ఇచ్చిన మాట మాటే. రైలు టికెట్లు తీయి దయా. కారు అమ్మేద్దాం."

"నేనేమన్న?" అంది చాయ్ ఊదుకుంటూ. "నువ్వు తోల్తుంటే ఏమన్న అయితే రైలన్న. నేను తోల్తుంటే ఏమైంది? రెండు గంటలు తోలిన. నువ్వు గుర్రు పెట్టి పండుకున్నవ్. ముప్పై ఏండ్ల సంసారంల నువ్వు బండిల నిద్రపోవుడు నేను చూడలే. నాకు అదొక్కటి చాలు. నాలుగు రోజులు నేనే తోల్త. నువ్వు కిటికి కాడ కూసొని చూడు."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. తర్వాత నోట్‌బుక్కు తీసి, ఆపరేటర్ అని ఉన్న చోటల్లా నా పేరు కొట్టేసి ఆమె పేరు రాశాను. పదహారు చోట్ల రాయాల్సి వచ్చింది.

ఈ పోస్టు రాస్తుంటే క్వార్టర్లో సగం సామాను కట్టేసి ఉంది. వచ్చే గురువారం పొద్దున ఆరింటికి బయల్దేరుతున్నాం. ఆ రోజు మాకు పెట్రోలుకు పదిహేను వందలైంది, ఒక జాడీ ఆవకాయ కారు కార్పెట్టు పాలైంది, ఎంత కడిగినా వాసన పోలేదు. అయినా ఇంత లాభసాటి ప్రయాణం నేను చేయలేదు. స్టీరింగ్ వదిలేస్తే ప్రయాణం పోయినట్టే అనుకున్నాను, కానీ నాకు కావలసింది దారి చూడటమట. అది ఎడమ సీట్లో ఉంటుందని ఇన్నేళ్లు తెలియలేదు. ఊరు మారేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే: బయల్దేరడానికి వారం ముందు, తీసుకెళ్లే సామానంతా ఎక్కించి, నిజంగా నడపబోయే మనిషి చేతే ఒకరోజంతా నడిపించి చూడండి. అదే రోజు, పక్కన కూర్చునే మనిషి చేత నోరు మూసుకుని కూర్చోవడం కూడా ప్రాక్టీసు చేయించండి. నిన్న మార్కెట్టు దాకా పోయి వచ్చాం, రెండే రెండుసార్లు "బ్రేకు" అన్నాను.