ఆదివారం డ్యూటీ మింగిన చదువు

మొన్న అమావాస్య వెళ్లిన తెల్లారి మా మరిది కన్నుమూశాడు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే కాలనీ పెద్దమనిషి ఒకాయన పక్కవాళ్లతో అన్నాడు: "మంచోడే గని, చదువు ఎక్కక బాయిల దిగిండు." పీనుగ ముందు కొట్లాట ఎందుకని అప్పుడు ఊరుకున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. ఆ మాట అబద్ధం.

అత్తామామలు పోయాక అతడు నా చేతి ముద్దలు తిని పెరిగాడు. మా ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపేవాడు. డెబ్బైలలో మరిదికి కరీంనగర్‌లో బీఎస్సీ సీటు దొరికింది. సెలవులకు వస్తే తెల్లచొక్కా తానే ఉతుక్కుని, ఇంట్లో పొయ్యి పైన దండెం కట్టి ఆరేసుకునేవాడు. పొగ వాసన వస్తుంది కదరా అంటే, "వాసన కనవడదు వదినె, బయటేస్తే బొగ్గుమసి కనవడ్తది" అనేవాడు.

స్కాలర్‌షిప్ ఉందన్న ధైర్యంతో పంపాము. అది ఏడాది చివరికి గానీ చేతికి రాదు. హాస్టల్ మెస్సుకు మాత్రం నెలనెలా కట్టాలి, కట్టనివాడికి పళ్లెం పెట్టరు. అందుకని మా ఆయన ఆదివారాలు కూడా బాయిలో దిగాడు. సెలవునాడు దిగితే డబుల్ జీతం. జ్వరమొచ్చినా మానలేదు.

మూడో ఏడు స్కాలర్‌షిప్ ఆగిపోయింది. ఆయన డ్యూటీలో ఉంటే నేనే మరిది వెంట కాలేజీ ఆఫీసుకు వెళ్లాను.

"మీ ఆయన సంపాదన హద్దు దాటిందమ్మా, ఇది గరీబోళ్లకిచ్చేది" అన్నాడు గుమస్తా.

"ఉన్నోళ్లెవరన్న ఆదివారం బాయిల దిగుతరా సారూ?"

"రూలు నేను పెట్టలేదు."

"పెట్టినోన్ని ఒక్క ఆదివారం మా ఆయనెంబడి తోలుండ్రి."

అతడు నవ్వి, నా వెనకవాళ్లను పిలిచాడు.

బస్సులో మరిది అన్నాడు: "అన్న నాకోసం ఎంత కష్టపడితే మనం అంత ఉన్నోళ్లమైతున్నం వదినె." తర్వాత నా చేయి పట్టుకున్నాడు. "ఈ సంగతి అన్నకు చెప్పకు. తన ఆదివారాలే నా చదువు తిన్నయని తెలిస్తే బతకడు."

రెండేళ్లూ ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాడు పెట్టె పట్టుకుని ఇంటికొచ్చి, అన్న ముందు నిలబడి, "నాకు చదువు ఎక్కుతలేదన్నా" అన్నాడు.

"నీ కోసం నా రెక్కలు ఇరిగినయ్ గదరా పనికిరానోడా" అని మా ఆయన తిట్టాడు. చనిపోయేదాకా తిడుతూనే ఉన్నాడు. తమ్ముడు తలవంచుకుని వినేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు కనుక చెప్తున్నాను.

మరిది కూడా బాయిలోనే చేరాడు. కానీ ఆదివారం డ్యూటీ ఒక్కనాడూ చేయలేదు. ఆ రోజు డ్యూటీ సైరన్ మోగితే తలస్నానం చేసి గడప మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. డ్యూటీకి పోయేవాళ్లు గేలి చేసేవారు: "ఏం కాలేజీ సారూ, డబుల్ జీతం చేదా?"

"మీరు పోండ్రి అన్నా. ఆదివారం నేను గరీబోన్ని."

వాళ్లు నవ్వుకుంటూ సాగిపోయేవారు. చివరివాడి టోపీ మలుపు తిరిగేదాకా అతడు అటే చూస్తూ ఉండేవాడు, తడి జుట్టులోంచి నీళ్లు మెడ మీదికి కారుతున్నా తుడుచుకునేవాడు కాదు.