వద్దనుకున్న సీటు

మా చెల్లెలి కూతురు డిగ్రీ మొదటి రెండేళ్ళూ చెన్నైలో చదివింది. కంప్యూటర్ సైన్సు. రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన వేసవిలోనే వాళ్ళమ్మ జారిపడి తుంటి ఎముకకు ఆపరేషన్ జరిగింది. పిల్ల ఇక వెనక్కి వెళ్ళలేదు. కంకిపాడులో ఇల్లు చూసుకుంటూ ఏడాది గడిపింది. చెల్లెలు కర్ర సాయం లేకుండా చర్చికి నడిచి వెళ్ళిన మర్నాడే పటమటలోని మా ఇంటికి వచ్చి, మిగిలిన చదువు విజయవాడలో పూర్తి చేస్తానని చెప్పింది.

నా చదువుకాలంలో అయితే ఆ మాటకు అర్థం లేదు. రాష్ట్రం మారితే చదువు మొదటికి వచ్చేది. ఇప్పుడు అలా కాదని ఆ పిల్లే నాకు వివరించింది. పాసైన ప్రతి పేపరుకూ కొన్ని క్రెడిట్లు ఉంటాయి. అవి విద్యార్థి పేరు మీద ఆన్‌లైన్‌లో పోగవుతాయి. మరో యూనివర్సిటీ ఆ పాఠాలను తమ పాఠాలతో పోల్చి చూసుకుని సరేనంటే, అక్కడ ఆపిన చోటి నుంచి ఇక్కడ అందుకోవచ్చు. ఆమెకు ఎనభై క్రెడిట్లు ఉన్నాయి. ఒప్పుకుంటే నేరుగా మూడో ఏడు. కాదంటే ఇంటర్ అప్పుడే పాసైన పిల్లలతో కలిసి మొదటి ఏడు, చదివిన రెండేళ్ళూ చదవనట్టే.

నోటిఫికేషన్ మొత్తం ప్రింటు తీసి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని తెచ్చింది. నేను దాన్ని పక్కన పెట్టాను. మా వైపు ఏ పనికైనా మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ మనవాళ్ళెవరున్నారు?" రూల్సు చదవడం ఆ తర్వాత సంగతి, చాలాసార్లు అక్కర్లేని సంగతి. పని జరిగేది కాగితం వల్ల కాదు, మనిషి వల్ల అని ఆ పిల్లకి చెప్పాను కూడా.

మనిషి ఉన్నాడు. మా సంఘంలో పెద్ద ఒకాయన, ఆమె చేరదలచిన కాలేజీలోనే ఆఫీసు సూపరింటెండెంటు. ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకుంటున్న ఆయన్ని గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"మా మేనకోడలికి మీ కాలేజీలో సీటు కావాలండి."

"మీరు అడగడం, నేను కాదనడమా బ్రదర్? ఒరిజినల్స్ తెచ్చి నా చేతిలో పెట్టండి. మిగతాది మర్చిపోండి."

మర్నాడే టీసీతో సహా ఒరిజినల్స్ అన్నీ ఆయన చేతిలో పెట్టాను. మిగతాది నిజంగానే మర్చిపోయాను. పత్రికలో ముప్పై ఏళ్ళు డెస్కు మీద కూర్చుని, ఎప్పుడు జరిగిందో రాయలేదని, ఎక్కడో రాయలేదని కొత్త రిపోర్టర్ల కాపీలు వెనక్కి పంపినవాణ్ణి. ఏ సంవత్సరంలోకి అన్న మాట ఆదివారం నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్ల ఫోనుకి మెసేజ్ వచ్చింది. అప్పటికి ఆమె మా ఇంట్లోనే ఉంది. అడ్మిషన్ ఖాయమైందన్న మొదటి వాక్యం చదివి నేను కంకిపాడుకి ఫోన్ చేసేశాను. చెల్లెలు వెంటనే స్వీట్లకి మనిషిని పంపింది. పిల్ల తన ఫోను మళ్ళీ నా ముందుకు జరిపింది.

"మావయ్యా, ఇది ఒకసారి చదువు."

"చదివాగా. సీటొచ్చింది."

"కింద కూడా చదువు."

కింద మొదటి సెమిస్టర్ అని ఉంది.

నోటిఫికేషన్‌లో తాను గీతపెట్టిన పేరా తీసి నా ముందు పెట్టింది. ఆ ఏడాది కొత్తగా మొదటి సెమిస్టర్‌లో అడ్మిషన్ పొందినవాళ్ళు క్రెడిట్ల బదిలీకి దరఖాస్తు చేయడానికి వీల్లేదు. ఆ అడ్మిషన్ రద్దు చేసుకుని, ఒరిజినల్ టీసీ జతచేసి దరఖాస్తు పెట్టాలి. గడువు ఆ రోజు సాయంత్రం ఐదు.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నీకు చూపించాను కూడా. మనిషి వల్లే పని జరుగుద్ది అన్నావు. జరిగింది."

కాలేజీకి ఫోన్ చేస్తే అటెండర్ ఎత్తాడు. "సార్ లీవులో ఉన్నారండి. ఒరిజినల్స్ అన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి, తాళం ఆయన జేబులోనే ఉంటది. ఇవాళ కూచిపూడిలో వాళ్ళ మేనల్లుడి నిశ్చితార్థమండి. ఫోన్ చేసినా ఎత్తరు, పాటలు పెట్టేసుంటారు."

పటమట నుంచి కూచిపూడి గంటన్నర దారి. కారు తాళాలు తీసుకుంటుంటే పిల్ల చెయ్యి చాపింది. "నువ్వు నడిపితే మనం వెళ్ళేసరికే ఐదవుద్ది. ఇటివ్వు."

కంకిపాడు సెంటర్లో చెల్లెలు రోడ్డు పక్కన స్వీట్ల డబ్బాతో నిలబడి ఉంది. బయల్దేరేముందే కూతురు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అయినా డబ్బా మాత్రం వెనక్కి పంపలేదు. కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టి, "ఆయన దగ్గర గట్టిగా మాట్లాడకు అన్నయ్యా. పాపం, మంచికే చేశాడు" అంది.

కాలవలకు నీళ్ళు వదిలిన రోజులు. ఉయ్యూరు దాటాక ఏ చేలో చూసినా నాట్ల కోసం బురద దమ్ములే. ఇనుప చక్రాల ట్రాక్టర్లు ఒక చేలోంచి ఇంకో చేలోకి రోడ్డు మీదుగా నింపాదిగా నడుస్తున్నాయి. ప్రతి ట్రాక్టర్ వెనకా నేను వాచీ చూసుకున్నాను. పిల్ల మాత్రం హారన్ కొట్టకుండా, సందు దొరికిన వెంటనే దాటుకుంటూ పోయింది. భయపడాల్సింది పోయి నాకు హుషారు పుట్టుకొచ్చింది. పాతికేళ్ళ కిందట ఎడిషన్ మూసేలోపు ఆఖరి వార్త అందుకోడానికి పరుగులు పెట్టినప్పటి హుషారు అది.

మేం చేరేసరికి రెండున్నర. షామియానా కింద భోజనాల రెండో బంతి నడుస్తోంది. ఆయన విస్తరి ముందున్నాడు. మమ్మల్ని చూడగానే మొహం విప్పారింది.

"స్వీట్లు కూడా తెచ్చారా? ఇంత దూరం ఎందుకు బ్రదర్ శ్రమ? కూర్చోండి, బిరియాని బాగుంది."

"ఆ సీటు రద్దు చేయించాలండి."

ఆయన చెయ్యి విస్తరిలోనే ఆగింది. "వద్దా? నిండిపోయిన గ్రూపండీ అది. ప్రిన్సిపాల్ గారి గుమ్మం ముందు రెండు రోజులు నిలబడి వేయించాను."

పిల్ల ఎదుటి కుర్చీలో కూర్చుంది. "అంకుల్, మీరు ఇప్పించింది మంచి సీటేనండి. కానీ నేను రెండేళ్ళు చదివేసి వచ్చానండి. ఇందులో కూర్చుంటే ఆ రెండేళ్ళూ పోతాయండి. ఐదింటిలోపు ఇది తీయించేస్తే మూడో ఏడుకి అప్లై చేసుకోవచ్చు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఈ ముక్క ఆదివారం చెప్పలేదేం బ్రదర్?"

"మీరు అడగలేదండి."

"నేనడగడమేంటి? అడిగే ఉద్యోగం మీది."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. తాళం ఇస్తాడేమో అనుకున్నాను. తిన్నగా వచ్చి కారు ముందు సీట్లో కూర్చున్నాడు.

"నా సర్వీసులో సీటు కావాలని వచ్చినోళ్ళే గాని, వద్దని విందు దగ్గరికొచ్చి లేపినోళ్ళు లేరమ్మా" అంటూనే ఉన్నాడు పామర్రు వచ్చేదాకా. పామర్రు దాటాక, క్రెడిట్ల సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. పిల్ల చెప్పింది. ఆయన వింటున్నకొద్దీ సీట్లో ముందుకు జరిగాడు.

"మా కాలేజీలో ఇట్టా బయటి రాష్ట్రం నుంచి మధ్యలో చేరినోళ్ళు ఇంతవరకూ లేరు. నీదే మొదటి ఫైలు. మూడో ఏడులోకి పంపిద్దాం నిన్ను."

అక్కడి నుంచి తొందర మాకన్నా ఆయనకే ఎక్కువైంది. అటెండర్‌కి ఫోన్ మీద ఫోన్. "ప్రిన్సిపాల్ గారిని కదలనీకు. కాఫీ ఇవ్వు. తాగేశారా? అయితే ఇంకోటి ఇవ్వు."

నాలుగుంబావుకి బీరువా తెరుచుకుంది. రద్దు కాగితం మీద సంతకం పెడుతూ ప్రిన్సిపాల్ గారు, మొన్న నిలబడి సీటు అడిగింది మీరే కదా అన్నట్టు ఆయన్ని చూశారు. ఆయన తల వంచుకుని స్టాంపు వేశాడు. రద్దు ఖాయమైనట్టు కంప్యూటర్ చూపించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. టీసీ స్కాన్ చేసి దరఖాస్తు పంపేసరికి ఐదుకు పన్నెండు నిమిషాలు. అందిందన్న సందేశాన్ని పిల్ల ఫోనులో ఆయన అక్షరం అక్షరం చదివాడు. అప్పుడు డబ్బా తెరిచి ఒక లడ్డూ తీసుకున్నాడు.

పది రోజుల తర్వాత యూనివర్సిటీలో పాఠాలు పోల్చి చూసే కమిటీ కూర్చుంది. ముగ్గురు అధ్యాపకులు. తలుపు తీసే ఉంది కాబట్టి వరండాలో నాకు మాటలు వినపడ్డాయి.

"మా స్టాటిస్టిక్స్‌లో ఉన్న చివరి యూనిట్ మీ పేపర్లో లేదేంటమ్మా?"

"ఆ పేపర్లో లేదండి. మరుసటి సెమిస్టర్లో వేరే పేపర్లో ఉందండి. నలభై రెండో పేజీ."

కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఊఁ. ఉంది."

అలా ప్రతి పేపరూ నడిచింది. సిలబస్ పక్కన సిలబస్ పెట్టి, ఏ యూనిట్ ఎక్కడుందో ఆమె ముందే గుర్తులు పెట్టుకుంది. నేను అక్కర్లేదని పక్కన పెట్టిన పని అది. చివరికి భాష దగ్గర ఆగింది.

"తమిళం రాశావే. ఇక్కడ తెలుగు ఉండాలి."

"అక్కడ మా కాలేజీలో తమిళం తప్పనిసరండి. ఇక్కడ తెలుగు రాస్తానండి."

"ఆ ఆరు క్రెడిట్లూ ఇవ్వలేం మరి."

"పర్లేదండి."

ఎనభైలో డెబ్బై నాలుగు ఒప్పుకున్నారు. ఐదో సెమిస్టర్‌లో, అంటే మూడో ఏడులో చేర్చుకోవచ్చని రాసి మధ్యాహ్నానికే కాగితం చేతికిచ్చారు. తెలుగు పేపర్లు విడిగా రాసుకోవాలి.

ఆ కాగితంతో నేరుగా కాలేజీకి వెళ్ళాం. సూపరింటెండెంటు గారు దాన్ని రెండు చేతులతో అందుకుని, కొత్త ఫైలు కట్టి, పైన ఒకటో నంబరు వేశారు. క్లాసులు మొదలై మూడు వారాలైందని చెప్పారు.

"ఇప్పుడు జరిగేది ఏం క్లాసండీ?"

"నెట్‌వర్క్స్. రేపట్నుంచి రావచ్చులేమ్మా, రోల్ నంబరు ఇంకా పడలా."

"నంబరు తర్వాత వెయ్యండి అంకుల్. రూమెక్కడ?"

రెండో అంతస్తు, చివరి గది అన్నారాయన. బ్యాగులోంచి ఒక నోటుపుస్తకం, పెన్ను తీసుకుని, బ్యాగు నాకిచ్చి మెట్లెక్కింది. మేమిద్దరం కింద నిలబడి చూస్తుండగా ఆ గది తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది.

బ్యాగులో పిల్ల ఫోన్ మోగితే తీసి ఎత్తాను. చెల్లెలు. ఏమైందని అడగడానికి కూడా ఆగలేదు.

"ఫోన్ దానికివ్వు అన్నయ్యా."

"క్లాసులో ఉందమ్మా" అన్నాను.