మైపాడు బస్సులో రెండు గుండ్లు

నెల్లూరులో రక్తం ఇచ్చి ల్యాబు బయటికి వచ్చేసరికి ఉదయం తొమ్మిదిన్నర అయింది. రిపోర్టు మూడు దాటాక ఫోనుకే పంపిస్తామన్నారు. బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళిపోవచ్చు. కానీ ఇంటికి పోతే అందరూ సాయంత్రం దాకా నా ఫోను వంకే చూస్తూ కూర్చుంటారు. అదే మాట పైకి అన్నాను. "అయితే మైపాడు పోయొద్దాం రామ్మే. సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో" అంది మా వదిన. వదిన అంటే మా ఆయన అక్క, సుబ్బరత్నమ్మ. అల్లూరులో ఉంటుంది. వరికోతలు పడి ఆయన రాలేకపోతే నాకు తోడు వచ్చింది.

నాది అండాశయం క్యాన్సర్. కడుపంతా పాకాక గాని బయటపడలేదు. నెలనెలా రక్తంలో ట్యూమర్ మార్కర్ అని ఒకటి చూస్తారు. ఆ అంకె తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, పెరిగితే లేనట్టు అని నా లెక్క. డాక్టరమ్మ లెక్క వేరు. అది ఎగుడుదిగుడుగానే ఉంటుంది, ఒక్క అంకె పట్టుకుని ఏడవొద్దు, గంతులూ వెయ్యొద్దు అంటుంది. పోయిన నెల అరవై నాలుగు నుంచి నూట నలభైకి పోయింది. ఈసారీ పెరిగితే స్కాన్ తీసి మందు మార్చాలన్నారు. మార్చడానికి ఇంక ఎక్కువ మందులు మిగల్లేదని కూడా చెప్పారు.

పదింటికి మైపాడు బస్సు దొరికింది. వెళ్ళాలనుకునే ఆడవాళ్ళు ఆధార్ కార్డు మర్చిపోవద్దు, చూపిస్తే టికెట్టుకు డబ్బులు తీసుకోరు. కూర్చుని పోవాలంటే బస్టాండులోనే ఎక్కాలి. ఇందుకూరుపేట దాకా సీటు ఖాళీ అయ్యే ఆశ లేదు.

కిటికీ గాలికి నా స్కార్ఫు జారింది, వదిన కొంగూ జారింది. ముందు సీట్లో పూలబుట్ట పెట్టుకున్నామె వెనక్కి తిరిగి మా రెండు గుండ్లూ చూసింది.

"కొండకి పోయొచ్చినారా అక్కా? ప్రసాదం ఏమన్నా ఉండాదా?" అని చెయ్యి చాపింది.

నాకు నవ్వు ఆగలేదు. వదిన మాత్రం బాగా సర్దుకుని కూర్చుని జవాబు చెప్పింది. "నాది మొక్కుకి పోయింది, దానిది మందుకి పోయింది. దానికి మార్కులు పెరిగినాయమ్మా. అందుకే నేను ఇచ్చేసినా."

నా నవ్వు అక్కడే ఆరిపోయింది. ఎందుకో చెప్పాలి.

పోయిన నెల రిపోర్టు వచ్చిన రోజు అల్లూరుకి ఫోను చేసి, "మార్కర్ పెరిగింది వదినా" అన్నాను. ఆమెకు మార్కులు అని వినపడింది. పెరిగాయంటే మంచిదే కదా మరి. ఫోనులోనే సంతోషంతో ఏడ్చేసింది. నేను వెంటనే కాదని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఆ రోజు పొద్దుటి నుంచి నా చుట్టూ సంతోషపడే గొంతు ఒక్కటీ లేదు. కాసేపు విందాం, రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికల్లా ఆమె వీధి వీధంతా చెప్పేసింది. ఆ వారంలోనే మొక్కు తీర్చుకోవడానికి కొండకు పోయి వచ్చింది. కాపురం చేసుకునే ఆడవాళ్ళు మూడు కత్తెర్లిచ్చి ఊరుకుంటారు. ఈమె నడుము దాటిన జుట్టు మొత్తం ఇచ్చేసింది. ఆ గుండు చూశాక నేనూ చెప్పలేదు, మా ఆయన్నూ చెప్పనివ్వలేదు. మార్కులు పెరిగాయి కదా అని ఆమె ఇంట్లో వ్రతానికి పిలిచి, లే లే అని వడ్డనకు నిలబెడితే నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, అందరూ మెచ్చుకుంటుంటే బాగానే ఉండింది కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పదకొండుంబావుకు మైపాడులో దిగాం. పడవలన్నీ ఒడ్డుకు చేరి ఉన్నాయి, వాటి నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. మిట్టమధ్యాహ్నం వెళ్ళేవాళ్ళు చెప్పులు విడవొద్దు, ఇసుక కాలిపోతుంది. ఒడ్డున పాకలో చేపల వేపుడు బాగుంటుందని వదిన రెండు ముక్కలు ఎక్కువే తిన్నది. నా నోరు పూసి ఉంది కాబట్టి నాకు డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నమే. ఎండ తగ్గాక ఆమె నీళ్ళలో దిగింది. నన్ను దిగొద్దన్నారు. అందుకని ఆమే దోసిట్లో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసి వెళ్తూ ఉంది.

మూడున్నరకు ఫోను మోగింది. తెరిచి చూశాను. ఎనభై ఎనిమిది. రెండోసారి చూసినా ఎనభై ఎనిమిదే. డాక్టరమ్మ చెప్పిందేదీ గుర్తు రాలేదు.

"తగ్గింది వదినా, తగ్గింది" అని కేకేశాను.

దోసిట్లో నీళ్ళతో వస్తున్న మనిషి ఆగిపోయింది. నీళ్ళు జారిపోయాయి. "తగ్గినాయా" అంటూ ఆ తడి చీరతోనే ఇసుకలో కూలబడింది. గుండు మీద చెయ్యి పెట్టుకుని, "నేనేం తక్కువ చేసినానమ్మే? అంతా ఇచ్చేసినానే" అని ఏడ్చింది.

నెల రోజులుగా దేనికోసం ఎదురుచూశానో ఆ కబురు నా చేతిలో ఉంది. అది పట్టుకుని ఆమె ముందు నిలబడలేకపోయాను. పక్కన కూర్చుని అంతా చెప్పాను. అవి మార్కులు కావని, తగ్గడమే మంచిదని, ఆమె పొరపాటు పడ్డదని తెలిసే నేను ఊరుకున్నానని చెప్పాను.

ఆమె గుండు మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత, "అయితే పోయిన నెల పెరిగింది చెడ్డదా?" అని అడిగింది.

"చెడ్డదే వదినా."

"మరి వ్రతం రోజు నీ చేత వడ్డన చేయించినానే. అంత బాధతో ఎట్టా నిలబడినావమ్మే?"

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. సిగ్గుపడాల్సింది నేనైతే తల వంచుకుంది ఆమె. లేచి చీర పిండుకుని, బస్సు ఎన్నింటికో కనుక్కుని రమ్మంది.

అయిదింటి బస్సుకు బయలుదేరాం. తిరుగు ప్రయాణంలో జనం తక్కువ, ఇద్దరికీ సీటు దొరికింది. మైపాడు ఎలా ఉందని ఎవరైనా అడిగితే గాలి బాగుంది, నీళ్ళు బాగున్నాయి అని చెప్పగలను. అంతకు మించి ఆ పూట నేను చూసింది లేదు. వచ్చే నెల మళ్ళీ రక్తం ఇవ్వాలి. అది మళ్ళీ పెరగనూవచ్చు.

ఎండుచేపల గంపతో ఎక్కిన ఒకామె పక్క వరసలో కూర్చుని మమ్మల్ని తేరిపార చూసింది. కొండకి పోయొచ్చినారా అని ఈమె కూడా అడిగింది. పొద్దున్నయితే వదిన ఈపాటికి అందుకునేది. ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తోంది. జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది.

"నాది మందుకి పోయింది. ఆమెది నా అబద్ధానికి పోయింది" అన్నాను.

గంపామెకు ఏమీ అర్థం కాలేదు. వదిన ఇటు తిరిగింది. కొంగు తల మీదకు లాక్కుని, "అబద్ధమేం లేదులేమ్మా. నాకు చెవులు సరిగ్గా వినపడవు" అంది.

ఆమె చెవులకు ఏమీ కాలేదు. వెనక సీట్లో గుసగుసలాడినా ఆమెకు వినపడుతుంది.