మూలమట్టం సరిపోయిన చోటు

నా చిన్నప్పుడు మా తాతయ్య కొట్లో బల్లలు, కుర్చీలతో పాటు శవపెట్టెలు కూడా తయారయ్యేవి. విశాఖ పాత ఊర్లో, పూర్ణా మార్కెట్ దాటాక చర్చికి వెళ్ళే సందులో ఉండేది ఆ కొట్టు. రేవు నుంచి వచ్చే ఎర్రటి దుమ్ము చెక్కల మీద పేరుకునేది. పూర్తయిన పెట్టెలను తాతయ్య గోడకు నిలబెట్టేవాడు. గుమ్మంలోంచి చూస్తే ఎవరో కొందరు మాట్లాడకుండా మన కోసమే కాచుకుని ఉన్నట్టుండేది.

ఆ కొట్లో ఒక కట్టుబాటు ఉండేది. పోయినవాళ్ళ పొడవును ఇంటివాళ్ళు తాడుకి ముడివేసి తెచ్చిచ్చేవారు. బతికున్న మనిషికి మాత్రం, ఆటకైనా సరే, కొలిచే పనిముట్టు ఆనించకూడదు.

ఒక వానాకాలం మా బడికి వచ్చిన డాక్టరు నా వీపు తడిమి, ఒక భుజం దిగి ఉందని, నార్మల్‌గా లేదని, పెద్దాసుపత్రిలో చూపించమని అమ్మతో చెప్పాడు. గాజువాకలో మా ఇంటికి చేరినా అమ్మ ఏడుపు ఆపలేదు. నార్మల్ అంటే ఏమిటని అడిగితే నన్ను ఒళ్ళోకి లాక్కుందే గాని చెప్పలేదు. అదేదో నాలో లేదు కాబట్టి చచ్చిపోతానని నాకు నేనే తేల్చుకున్నాను.

మర్నాడు అమ్మ నన్ను బస్సులో తాతయ్య ఇంటికి తీసుకెళ్ళింది. తను లోపల అమ్మమ్మతో మాట్లాడుతుంటే నేను ముందున్న కొట్లోకి వచ్చాను. మబ్బు పట్టి పట్టపగలే చీకటిగా ఉంది. హార్బర్‌లో ఓడ కూసినప్పుడల్లా ఖాళీ పెట్టెలు లోపల్నుంచి సన్నగా మూలిగాయి. వాటి మధ్య కొత్తగా చేసిన పొట్టి పెట్టె ఒకటి ఉంది. పక్కన నిలబడి చూసుకున్నాను. సరిగ్గా నా అంత ఉంది. అది నా కోసమే అనుకున్నాను.

బల్ల మీద మూలమట్టం కనబడింది. మూలలు తిన్నగా కుదిరాయో లేదో వడ్రంగులు చూసుకునే ఇనుప పనిముట్టు అది. తీసి నా మెడకీ భుజానికీ ఆనించుకున్నాను.

"ఒగ్గీయే గుంటా! ఏటి సేస్తన్నావు?"

తాతయ్య కేకకి అది నా చేతిలోంచి జారిపడింది. గుమ్మంలో ఆయన ముఖం పాలిపోయి ఉంది. వెనకే, చర్చికి బల్లలు చేయించడానికి వచ్చిన ముసలి ఫాదర్‌గారు ఉన్నారు.

"నాను నార్మల్ కాదంట తాతా. సచ్చిపోతానా?"

తాతయ్య లోపలికొచ్చాడు. "ఎవులు సెప్పారే నీకు?"

ఫాదర్‌గారు లాటిన్ చదువుకున్న మనిషి. నేల మీది మూలమట్టం తీసి, పాత రోము వడ్రంగులు దీన్నే నోర్మా అనేవారని చెప్పారు. దీనికి సరిపోయిన చెక్కముక్క నార్మల్. రానురాను నోర్మా అంటే నియమం అయింది. మనుషులకు ఆ మాట అంటగట్టడం చాలా కాలం తర్వాత మొదలైందట. ఇది ఎక్కడ సరిపోతుందో వెతకమని నా చేతికిచ్చి, ముందు తన భుజం చూపించారు.

"మనిసికి ఆనించకూడదండీ!" అన్నాడు తాతయ్య.

"నా పెట్టె ఎలాగూ నువ్వేగా చేసేది. అప్పుడు పొట్టిగా చేసి కాళ్ళు మడతపెట్టించకు."

తాతయ్యకి నవ్వు రాలేదు. నేను ఆనించాను. ఫాదర్‌గారి భుజం కింద వేలు పట్టేంత సందు. గోడ మూలకి పెట్టాను, కుదరలేదు. పిల్లి వీపు, గుమ్మం, కాకర తీగ, ఏదీ కుదరలేదు. ప్రతిచోటా ఇనుముకీ వస్తువుకీ మధ్య నుంచి ఒక వెలుతురు చార కనబడింది.

చివరికి ఆ పొట్టి పెట్టె లోపలి మూలకి పెట్టాను. సందు లేదు. వెలుతురు లేదు. ఇనుము అక్కడే అతుక్కుపోయినట్టు ఆగింది. లోపలి చీకటి చల్లగా నా ముంజేతికి తగిలింది. వెనక్కి లాక్కోవడానికి కూడా భయపడ్డాను.

"ఇది నార్మల్," అన్నాను.

తాతయ్య వచ్చి నా చెయ్యి బయటికి తీశాడు. "సచ్చినోల్లకే అమ్మా అంత తిన్నగా ఉండాల. అది నీది కాదు. నువ్వు సచ్చిపోవు. వంకరుంటే ఉంటాది, డాట్రు సూస్తాడు." దిగిన నా భుజం మీద అరచెయ్యి వేసి, అమ్మ లోపల్నుంచి పిలిచేదాకా తియ్యలేదు.

ఆసుపత్రిలో వ్యాయామాలు చెప్పారు. భుజం ఇప్పటికీ కొంచెం దిగే ఉంటుంది, జాకెట్టు ఆ పక్కకి జారుతుంది.

ఈ మధ్య మా పాపని చూసిన డాక్టరుగారు, ఈపాటికి నడవాలి, ఇది నార్మల్ కాదు అన్నారు. పరీక్షలన్నీ చేయిస్తాను. నా భయం నాకుంది, అది పోదు. కానీ పాప ఎప్పుడైనా నా ముఖం చూసి ఆ మాటకి అర్థం అడిగితే, ఏడుపొస్తున్నా సరే, వెంటనే చెప్పేస్తాను. చెప్పకపోతే పిల్లలు ఏ పెట్టె పక్కన నిలబడి తమని కొలుచుకుంటారో నాకు తెలుసు.