అందరి నొప్పీ అడిగిన ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారు. ఆ ఫోన్ వచ్చేసరికి నేను వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు పోయే పొద్దుటి బండి కోసం నిలబడి ఉన్నాను. రోజూ ఆ బండికే ఆయన దగ్గరికి ప్రాక్టీసుకు వెళ్తాను. నిన్న సాయంత్రం నా చేతులకు పట్టీలు కట్టిన మనిషి తెల్లారేసరికి లేరంటే ఎట్లా నమ్మను? బండి వస్తే ఎక్కాను. చేతిలో గ్లౌజుల సంచి అట్లానే ఉంది.

పిడికిళ్లూ కుస్తీ కలిసిన ఎంఎంఏ ఆటను ఆయన మాకు నేర్పింది తాండూరులో, ఒకప్పుడు బండలు పాలిష్ పట్టిన పాత షెడ్డులో. అక్కడ ఒక పద్ధతి ఉండేది. కసరత్తుకు ముందు వరుసలో నిలబడి ఒక్కొక్కరూ ఎక్కడ నొస్తుందో పైకి చెప్పాలి. ఏమీ లేదంటే ఒప్పుకునేవారు కాదు. "నాకేమన్న ఎక్స్‌రే కండ్లున్నయా? చెప్తేనే గద తెలిసేది" అనేవారు. అందరూ చెప్పాక ఆయన చప్పట్లు కొట్టేవారు. అప్పుడు మొదలు.

పోయినేడు టైటిల్ పోటీకి ముందు నా పక్కటెముక చిట్లింది. వరుసలో చెప్పాను. అంతే, ఆయనే నిర్వాహకులకు ఫోన్ చేసి నన్ను పోటీ నుంచి తప్పించారు. నా బదులు దిగిన అమ్మాయి బెల్టు గెలిచింది. నేను ఏడుస్తుంటే, "బెల్టు యాడికి పోతది బిడ్డా? నువ్వు మంచిగుండాలె గద" అన్నారు. పైగా ఆ అమ్మాయి గెలుపును ఫోన్‌లో చూపించి నాతోనే చప్పట్లు కొట్టించారు. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఈసారి అంతా తలకిందులైంది. ఆ చాంపియన్‌తో తలపడాల్సిన అమ్మాయికి మోకాలు మెలిపడి తప్పుకుంటే, ఆ చోటు నాకొచ్చింది. పోటీ ఈ ఆదివారమే. షెడ్డంతా కేకలు. ఒకరు మిఠాయికి పరిగెత్తబోతే ఉస్తాద్ ఆపి, ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసి మోకాలి సంగతి అడిగారు. మిఠాయి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను ఉస్తాద్ ఇల్లు చేరేసరికి ఆయన భార్య, మేమంతా అమ్మీ అని పిలుస్తాం, నా చేయి పట్టుకుని చెప్పింది. రెండు రోజులుగా ఆయనకు ఛాతీలో నొప్పట. దవాఖానకు పోదామంటే, "పోరి ఫైట్ అయినంక పోత. గప్పటిదాంక దానికి చెప్పకు" అన్నారట. అందరి నొప్పీ అడిగిన మనిషి తన నొప్పి దాచుకోవడమేంది? అదీ నా ఆట కోసం.

ఖననం అయ్యాక నిర్వాహకులు ఫోన్ చేశారు, ఉంటావా తప్పుకుంటావా అని. ఆయన చేసింది చూస్తే నొప్పి దాచుకుని దిగాలి. చెప్పింది వింటే ఆగాలి. చెప్పిందే విన్నాను. నొస్తుందని చెప్పి తప్పుకున్నాను. నా బదులు ఇంకెవరో దిగుతారు.

మర్నాడు షెడ్డులో వరుస కట్టాం. భుజమని ఒకరు, మడమని ఒకరు, మెడని ఒకరు చెప్పుకుంటూ వచ్చారు. చివరి మనిషి కూడా చెప్పాడు. చప్పట్లు లేవు. అందరం ఆయన నిలబడే చోటు వైపే చూస్తున్నాం. ఇన్నేళ్లలో ఎవరమూ అడగని మాట అప్పుడు నా నోటెంట వచ్చింది.

"మీకెక్కడ నొస్తుంది, ఉస్తాద్?"