చప్పుడు కోసం ఆగిన బావ

మా బావ అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. దిమ్మను వేలితో కొట్టి, చప్పుడును బట్టి నాణ్యం చెబుతాడు. పెద్ద ఇంజిన్ ఉన్న తన పెట్రోలు కారును కూడా ఆ చెవితోనే కొన్నాడు.

నా ఎలక్ట్రిక్ కారుతో పందెం అంటే జాలిపడ్డాడు. "ముందు నువ్వు స్టార్ట్ సెయ్. నీ బండి మోగేక నేను తొక్కుతాను."

ఊరవతల ఖాళీ లేఅవుట్ రోడ్డు మీద నేను తొక్కగానే వీపు సీటుకు అతుక్కుంది. అతని ఇంజిన్ గర్జించేసరికి నేను రోడ్డు చివర ఉన్నాను. రెండోసారి ఇద్దరం ఒకేసారి బయల్దేరినా నేనే ముందు.

"రోడ్డు ఇంకా పొడుగుంటే నిన్ను దాటేసేవోణ్ని," అన్నాడు.

"అంత రోడ్డు మనూర్లో ఏదీ బావా?" అన్నాను.

మర్నాడు మార్కెట్లో బావ దిమ్మను కొట్టలేదు. ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.